కాగితం ఎవరి చేతిలో వుంది?

మా డెల్టా పల్లెల్లో వయసులకు తేదీలుండవు, సంఘటనలుంటాయి. దివిసీమ ఉప్పెన నాటికి నడిచేవాడు, కారంచేడు ఏడు పుట్టినోడు, ఇట్లా చెబుతారు. నేను చుండూరు ఏడు పుట్టినోణ్ణి. బడి రిజిస్టర్లో జూన్ 1 అని పంతులు వేసిన తేదీ వుంది గానీ మా అమ్మ దాన్ని ఎప్పుడూ నమ్మలేదు.

మా ఇంట్లో సంతకం పెట్టిన మొదటోణ్ణి నేను. నాకు ముందు అన్నీ వేలిముద్రలే. పాలేరుకు కుదిరిన కాగితం మీద వేలిముద్ర, అప్పు నోటు మీద వేలిముద్ర, సర్కారు ఇచ్చిన ఎకరం చేజారిన కాగితం మీద వేలిముద్ర. అందులో ఏం రాశారో మా నాయనకు చదివి చెప్పినోడు లేడు. బీయిడీ అయ్యాక, 2014 నుంచి డీఎస్సీ వచ్చేదాకా, నేనొక న్యాయ సహాయ సంస్థలో అర్జీలు రాసే పని చేశాను. ఇప్పుడు సర్కారు బడిలో టీచర్ని. ఆదివారాలు ఇంకా పోతూనే వున్నాను.

సంస్థ అంటే పెద్దగా ఊహించుకోవద్దు. కోర్టు వీధిలో రెండు అద్దె గదులు, ముగ్గురు వకీళ్లు, రిటైరైన పోస్టుమాస్టరు ఒకాయన. చందాలతో నడిచేది. నాకు బస్సు చార్జీలు, మధ్యాహ్నం భోజనం. మావాళ్లు వచ్చేటప్పుడు సొరకాయో, శేరు పెసలో పట్టుకొచ్చి, చేతులు కట్టుకుని గుమ్మం బయట నిలబడేవాళ్లు. ధర్మానికి వచ్చినట్టు వచ్చేవాళ్లు. వాళ్లని లోపలికి పిలిచి కుర్చీలో కూర్చోబెట్టడం మా మొదటి పని.

ఎందుకంటే ఇది ధర్మం కాదు. పేదరికం వల్ల ఎవరికీ న్యాయం దక్కకుండా పోకూడదని 1976లో రాజ్యాంగంలో 39ఎ అధికరణం చేర్చారు. 1987లో న్యాయ సేవల చట్టం చేశారు. అది అమల్లోకి రావడానికి 1995 నవంబరు 9 దాకా పట్టింది. ఆ చట్టం 12వ సెక్షను ప్రకారం ఎస్సీ, ఎస్టీలు వకీలు ఖర్చు లేకుండా కేసు నడుపుకోవచ్చు, ఆదాయం ఎంతని అడగకూడదు. ఈ మాట మా పల్లెకు చేరేసరికి నేను పుట్టి, డిగ్రీ కూడా అయిపోయింది.

మా చట్టాలు ఊరికే రాలేదు. 1985 జులైలో కారంచేడులో తాగే నీళ్లు మురికి చెయ్యొద్దన్నారు. కొట్టబోతే మున్నంగి సువార్త బిందె ఎత్తింది. 17వ తేదీన మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. బొజ్జా తారకం ప్రభుత్వ ప్లీడరు ఉద్యోగం వదిలేసి బాధితుల పక్కకు వచ్చాడు. దళిత మహాసభ పుట్టింది. ఆ కేసులో ఆఖరి తీర్పు సుప్రీంకోర్టు నుంచి వచ్చింది 2008 డిసెంబరులో. ఇరవై మూడేళ్లు! ఇట్లాంటి ఊళ్లు దేశమంతా నెత్తురోడితే 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది, 1990 జనవరి 30 నుంచి అమలైంది. అయినా 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపి, గోతాల్లో కుక్కి కాలవల్లో పడేశారు. అప్పటికి చట్టం వయసు ఏడాదిన్నర. చట్టం వుండటం వేరు, అది మన చేతికి రావడం వేరు అని ఆ ఏడు పుట్టిన నాకు ఎవరూ విడిగా చెప్పనక్కర్లేదు.

చేతికి రావడం ఎక్కడ ఆగుతుంది? కోర్టులో కాదు, అంతకుముందే, స్టేషన్లో రాసుకునే మొదటి కాగితం దగ్గర. మా ఆఫీసుకు ఎక్కువగా తిట్టు కేసులు వచ్చేవి. చట్టం ముందు మూడు సంగతులు తేలాలి. తిట్టినోడు ఎస్సీ ఎస్టీ కానోడై వుండాలి. కావాలని అవమానించి వుండాలి. నలుగురు చూసేచోట జరిగి వుండాలి. ఈ మూడిట్లో ఒకటి రాయకపోతే కేసు అక్కడే చచ్చిపోతుంది.

ఒక పెద్దమ్మ నాట్ల కూలి బాకీ అడిగితే రామాలయం అరుగు దగ్గర అందరి ముందూ తిట్టాడు ఆసామి. స్టేషన్లో రాసింది ఒక్క ముక్క: ‘కూలి విషయమై మాటా మాటా పెరిగినది’. కులం లేదు, తిట్టు లేదు, చూసినోళ్ల పేర్లు లేవు. కింద ఆమె వేలిముద్ర మాత్రం వుంది.

“ఏమని తిట్టాడు పెద్దమ్మా? ఉన్నదున్నట్టు చెప్పు” అన్నాను.

“ఆ మాట నా నోటితో అనిపిస్తావా నాయనా?”

“రాయకపోతే కేసు నిలబడదు పెద్దమ్మా.”

ఆమె తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి చెప్పింది. నాకు కొత్త మాటేం కాదు. మా అమ్మని అన్నదే, మా నాయన్ని అన్నదే, బడిలో నన్ను అన్నదే. దాన్ని నా చేత్తో అక్షరం పొల్లుపోకుండా రాశాను. చదివి వినిపించాను. “వాడన్నట్టే రాశావు” అంది. ఏడవలేదు.

అట్రాసిటీ కేసు దర్యాప్తు చెయ్యాల్సింది డీఎస్పీ. ఆ అర్జీ ఆయనకిస్తే సెక్షన్లు మారాయి. కానీ ముగ్గురు సాక్షుల్లో ఇద్దరు ఆ ఆసామి పొలమే కౌలుకు చేసేవాళ్లు. కోర్టులో ఏమీ చూడలేదన్నారు. కేసు కొట్టేశారు. ఆ ఇద్దర్నీ నేను తిట్టలేను. కౌలు పోతే వాళ్లు తినేదేమిటి? భూమి వాళ్ల చేతిలో, సాక్ష్యం మన చేతిలో వుంటే సాక్ష్యం ఎంతకాలం నిలుస్తుంది?

అందుకే చుండూరువాళ్లు చేసింది గుర్తు పెట్టుకోవాలి. పట్నం కోర్టుకు పోతే కూలి పోతుంది, దారిలో భయం. కోర్టే మా ఊరికి రావాలని పట్టుబట్టారు. వచ్చింది. నేరం జరిగిన ఊళ్లోనే ప్రత్యేక కోర్టు కూర్చుంది. బి. చంద్రశేఖర్ ప్రత్యేక పబ్లిక్ ప్రాసిక్యూటరుగా నడిపాడు. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. నేను ఆఫీసులో చేరింది ఆ ఏడే. “ఇంకెందుకు రా ఈ కాగితాలు?” అని మా నాయన అడిగాడు. నా దగ్గర జవాబు ఒకటే వుంది. పదహారేళ్లు రాజీకి లొంగకుండా ఆ సాక్షులు నిలబడ్డారు, సొంత ఊళ్లో జడ్జి ముందు వేలెత్తి చూపించారు. ఆ చూపించిన వేలిని ఏ తీర్పూ కొట్టెయ్యలేదు.

2016 జనవరి 26 నుంచి అమలైన సవరణలో 4వ సెక్షను చదవండి. నోటితో చెప్పింది పోలీసు రాసుకుంటే, సంతకం తీసుకోకముందే చదివి వినిపించాలి. నకలు వెంటనే ఇవ్వాలి. కావాలని చెయ్యకపోతే ఆ అధికారికి ఆరు నెలల నుంచి ఏడాది జైలు. మా నాయన వేలిముద్రల కాలంలో ఇది లేదు. ఇప్పుడు వుంది. అడిగేవాళ్లు కావాలి.

ఎనిమిదో తరగతిలో లేఖలు రాయడం నేర్పేటప్పుడు సెలవు చీటీతో పాటు స్టేషన్ అధికారికి అర్జీ కూడా రాయిస్తాను. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఏమన్నారు, ఎవరు చూశారు అని ఐదు ముక్కలు. ఈ పుస్తకం చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీరు వకీళ్లే కానక్కర్లేదు. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు మీ పల్లెలో నలుగురికి ఈ ఐదు ముక్కలు నేర్పండి. నకలు అడిగి తీసుకోవడం నేర్పండి. పెద్దమ్మ కేసు పోయినా తన అర్జీ నకలు ట్రంకుపెట్టెలో దాచుకుంది. ఆ ఇంట్లో, తాము చెప్పింది చెప్పినట్టు రాసి వున్న మొదటి కాగితం అదే.