పోతు మొక్క లేని తోట

నాటు బొప్పాయి వేసే రైతు గుంతకు రెండు మూడు మొక్కలు పెడతాడు. అన్నీ ఉంచుకోవడానికి కాదు. పూత వచ్చేదాకా ఏది ఆడదో ఏది పోతో తెలియదు మరి. పొడుగాటి కాడలకు గుత్తులుగా పూలు వేలాడితే పోతు మొక్క. ఆకు మొదట్లో, కాండానికి అంటుకుని లావుపాటి మొగ్గ కూర్చుంటే ఆడది. పుప్పొడి కోసం తోటకు కొన్నిటిని వదిలి మిగతా పోతుల్ని పీకేస్తారు. తాటిచెట్టు పోతో పెంటో తేలాలంటే పదేళ్లకు పైనే ఆగాలి.

గంజాయిదీ ఇదే తంతు, ఒక్క తేడాతో. బొప్పాయికి పుప్పొడి కావాలి, గంజాయి పూవు కోసే వాడికి అది అసలు అక్కర్లేదు. మత్తునిచ్చే బంక ఆడపూల చుట్టూ ఉండే సన్నటి నూగు కొనల్లో ఊరుతుంది. పుప్పొడి తగిలిందా, మొక్క బలం గింజ మీదికి మళ్లుతుంది. ఆ పుప్పొడి గాలికి ఎగిరేది. పొలంలో ఒక్క పోతు కళ్లుగప్పి నిలిచినా చుట్టుపక్కల ఆడ మొక్కలన్నీ గింజ కట్టేస్తాయి.

అందుకే ఒకప్పుడు బెంగాల్లో దీనికోసమే ఒక వృత్తి ఉండేది. ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న నౌగావ్ ప్రాంతంలో బ్రిటిష్ సర్కారు లైసెన్సు మీద గంజాయి పండించేవారు. పూత దగ్గరపడే వేళకు ‘పొద్దార్’ అనే ఆయన్ని పిలిచేవారు. ఆయన సాళ్ల వెంట నడుస్తూ, పూవు విచ్చకముందే పోతుల్ని పోల్చుకుని విరిచేసేవాడు. కణుపు దగ్గర చిన్న పూసలాంటి మొగ్గ ఉంటే పోతు, రెండు తెల్లటి వెంట్రుకలు తొంగిచూస్తే ఆడది. ఆ పూస గింజంత కూడా లేనప్పుడే పసిగట్టాలి, ఆ చూపుకే ఆయనకు కూలి. తెల్లదొరలు ఆయన్ని ‘గంజాయి డాక్టరు’ అన్నారు. 1893-94లో మన దేశమంతా తిరిగి సాక్ష్యాలు సేకరించిన గంజాయి విచారణ సంఘం ఈ పొద్దార్ల సంగతి తన నివేదికలోకి ఎక్కించింది.

ఇంతకీ మొక్కల్లో ఆడా మగా ఉంటాయని ప్రయోగం చేసి చూపించిన కామెరారియుస్‌ను కూడా ఈ జాతి మొక్కే తిప్పలు పెట్టింది. ఆయన జర్మనీలో ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. మల్బరీ, ఆముదం, మొక్కజొన్న లాంటివాటి మీద పరీక్షలు చేసి, పుప్పొడి లేకపోతే గింజ పట్టదని 1694లో ప్రకటించాడు. నార కోసం పెంచే గంజాయి జాతి దగ్గరికి వచ్చేసరికి లెక్క తప్పింది. ఆడ మొక్కల్ని వేరుగా పెంచినా గింజలు కట్టాయి. ఆయన దాన్ని దాచిపెట్టకుండా రాసేశాడు, అదీ ఆయన గొప్పతనం. బయటినుంచి పుప్పొడి ఎగిరొచ్చి ఉండవచ్చు. లేదా ఆడ మొక్కే ఎక్కడో ఆకు చాటున ఒకటి రెండు పోతుపూలు పూసి ఉండవచ్చు. గంజాయి అప్పుడప్పుడు ఆ పని చేస్తుంది. మన కథంతా ఆ దొంగపూల మీదే నడుస్తుంది.

(ఐరోపా రైతులైతే చాలాకాలం పేర్లే తారుమారుగా పెట్టుకున్నారు. గింజ కట్టే దిట్టమైన మొక్కను మగదన్నారు, సన్నగా పెరిగి ముందే ఎండిపోయే పోతును ఆడదన్నారు. మొక్కను చూసి కాదు, ఇంట్లో అలవాటును చూసి పెట్టిన పేర్లు.)

గంజాయిలో మనలాగే ఆడదానికి రెండు ఎక్స్ క్రోమోజోములు, పోతుకు ఒక ఎక్స్, ఒక వై. అంటే ఆడ మొక్క చేత పోతుపూలు పూయించగలిగితే, వాటి పుప్పొడిలో వై అనేదే ఉండదు. ఆ పుప్పొడి ఇంకో ఆడ మొక్క మీద పడితే పుట్టే గింజలన్నీ ఆడవే. లెక్క సులువే. పూయించడమెలా?

జవాబులో పెద్ద భాగం ఢిల్లీలో దొరికింది. ఢిల్లీ విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర ఆచార్యుడు హెచ్. వై. మోహన్ రామ్, ఆయన శిష్యుడు వి. ఎస్. జైస్వాల్ కలిసి 1970లో పోతు గంజాయి మీద ఎథిఫాన్ చల్లితే ఆడపూలు వచ్చాయని చూపించారు. ఎథిఫాన్ మొక్కలో ఇథిలిన్ వాయువును విడుదల చేస్తుంది. మామిడికాయల్ని మగ్గబెట్టేదీ ఆ వాయువే. 1972లో తిరగేసి, ఆడ మొక్కకు జిబ్బరెల్లిన్ అనే మొక్కల హార్మోను ఇచ్చి పోతుపూలు పూయించారు. ఇథిలిన్ ఆడవైపు లాగుతుందని తేలాక, దాన్ని అడ్డుకునేది ఏమిటన్న ప్రశ్న మిగిలింది. 1976లో అమెరికాలో ఎల్మో బేయర్ వెండి అయాన్లు ఇథిలిన్ పని సాగనివ్వవని కనిపెట్టాడు. రెండేళ్లకు నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు కోసిన కార్నేషన్ పూలు వాడిపోకుండా ఉండడానికి వెండి కలిసిన సిల్వర్ థయోసల్ఫేట్‌ను వాడి చూశారు. 1982లో మోహన్ రామ్, ఆర్. సెట్ ఆ మందునే ఆడ గంజాయి మీద ప్రయోగించారు. పోతుపూలు వచ్చాయి, పుప్పొడి పనిచేసింది, గింజ పట్టింది.

వాళ్లు గంజాయి వ్యాపారం కోసం చేయలేదు. పూవు ఆడదవడం, మగదవడం మొక్క ఎలా తేల్చుకుంటుందన్నదే వాళ్ల ప్రశ్న. సరుకుగా మార్చింది నెదర్లాండ్స్ విత్తన వ్యాపారులు. 1990ల చివర్లో ‘ఫెమినైజ్డ్’ అని ముద్ర వేసి ఆడ గింజల్ని అమ్మకానికి పెట్టారు. మొదట్లో వీటికి చెడ్డపేరు వచ్చింది. తమంతట తామే దొంగపూలు పూసే తల్లుల్ని ఎంచి గింజ కట్టించిన చోట పిల్లలకూ ఆ గుణం దిగింది. తోట సగంలో ఉండగా ఆడ మొక్కలే పుప్పొడి రాల్చేవి. ఒత్తిడిలోనూ దొంగపూలు పూయని గట్టి తల్లిని ఎంచి, దానిమీద వెండి మందు వాడడం మొదలయ్యాకే నమ్మకం కుదిరింది.

ఇప్పుడు మామూలు గింజా, ఆడ గింజా అన్న ప్రశ్నను చాలావరకు చట్టమే తేలుస్తోంది. కెనడాలో 2018 నుంచి చాలా రాష్ట్రాల్లో ఇంటికి నాలుగు మొక్కలు పెంచుకోవచ్చు. మామూలు గింజలు నాలుగు నాటితే నాలుగూ ఆడవయ్యే అవకాశం 16లో ఒకటి. నాలుగూ పోతులయ్యే అవకాశమూ అంతే. జర్మనీలో 2024 ఏప్రిల్ నుంచి పెద్దవాళ్లకు తలకు మూడు మొక్కలు. మూడింట ఒకటి పోతయితే పంటలో మూడో వంతు పోయినట్టే. పూవు కోసం పెంచే అలాంటివాళ్లు ఆడ గింజ కొనడంలో నాకు తప్పేమీ కనిపించదు. కొత్త రకం కట్టాలనుకునేవాడికి మాత్రం మామూలు గింజే కావాలి. ఒకే ఆడ మొక్కతో దాన్నే కలుపుకుంటూ పోతే రకం సన్నగిల్లుతుంది. మంచి పోతు గుణం ఏమిటో పరీక్షించే వీలూ ఉండదు. అందరూ ఆడ గింజలే కొంటే పోతుల్ని ఎవరు కాపాడతారన్నది అక్కడి పెంపకందారులు ఇంకా తెగని వాదంగా పెట్టుకున్నారు.

మన దగ్గర ఆ వాదానికి చోటు లేదు. వెండి మందు గురించిన ఢిల్లీ వ్యాసం అచ్చయిన మూడేళ్లకే, 1985లో మత్తు పదార్థాల చట్టం వచ్చింది. దాని ప్రకారం లైసెన్సు లేకుండా గంజాయి మొక్క పెంచితే, అది ఆడదైనా పోతైనా, పదేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా.