కరెంటు లేనిచోట కేబుల్ అతుకు

లైన్‌మన్ లైన్ క్లియర్ (ఎల్‌సి) అనుమతి తీసుకుని, సరఫరా ఆపించాకే కేబుల్ మీద చెయ్యి వేస్తాడు. కాబట్టి అతుకుకు కావలసిన వేడిని వెంట తీసుకెళ్లక తప్పదు. ఆ వేడి ఎంత, ఎలాంటిది అన్నది మాత్రం ప్రతి కాలంలోనూ తీగకు వేసే తొడుగే నిర్ణయించింది.

1839లో కలకత్తా దగ్గర విలియం ఓషానెస్సీ హుగ్లీ నదిలో టెలిగ్రాఫ్ తీగ వేసినప్పుడు, దానికి తారు పూసి, చీల్చిన పేములో పొదిగి, పైన తారుదారం చుట్టించాడు. ఆ తర్వాతి దశాబ్దంలో మలయా అడవుల చెట్టుపాల నుంచి తీసే గట్టాపర్చా ఐరోపాకు చేరింది. అది వేడినీళ్లకే మెత్తబడి, చల్లారితే బిగుసుకుంటుంది. 1850 నాటి ఇంగ్లీషు చానెల్ కేబుల్‌కూ, 1858 నాటి అట్లాంటిక్ కేబుల్‌కూ అదే తొడుగు. దాన్ని అతకడానికి చిన్న స్పిరిట్ దీపం చాలు.

విద్యుత్ సరఫరా మొదలయ్యాక ఆ సుకుమారం కుదరలేదు. కాగితం చుట్టి, పైన సీసపు తొడుగు వేసిన కేబుళ్లు వచ్చాయి. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది; దాన్ని అతికే సీసం, తగరం మిశ్రమం 183 డిగ్రీల నుంచే మెత్తబడుతుంది. ఈ రెంటి నడుమే అతుకు వేసే జాయింటర్ పనితనమంతా. మంట కాస్త ఎక్కువైతే తొడుగే కారిపోతుంది. 1880ల్లో స్వీడన్‌లో కార్ల్ రిచర్డ్ నైబర్గ్ వంటివారు తయారుచేసిన బ్లో ల్యాంపులు ఈ పనికి అక్కరకొచ్చాయి.

అసలు మలుపు ప్లాస్టిక్‌తో వచ్చింది. పాలిథీన్ మీద రేడియేషన్ ప్రసరిస్తే దాని అణుగొలుసులు ఒకదానితో ఒకటి ముడిపడతాయని 1950ల తొలినాళ్లలో ఆర్థర్ చార్లెస్‌బీ చూపాడు. 1957లో పాల్ కుక్ కాలిఫోర్నియాలో స్థాపించిన సంస్థ, తర్వాత రేకెమ్‌గా పేరుపొంది, దీన్ని సరుకుగా మార్చింది. ముడిపడిన గొట్టాన్ని వేడిచేసి, సాగదీసి, అలాగే చల్లారుస్తారు. మళ్లీ వేడి తగిలితే అది పాత కొలతకు ముడుచుకుంటుంది; ఇదే హీట్ ష్రింక్ గొట్టం, అంటే స్లీవ్. సాధారణ రకాలకు 120 డిగ్రీల అటూ ఇటూ చాలు.

వేడి తగ్గింది గాని మెలకువ తగ్గలేదు. పెద్ద కేబుళ్లకు వాడే గ్యాస్ టార్చి మంట మెత్తగా, నీలంగా, కొసన పసుపుగా ఉండాలి. నడుమ మొదలుపెట్టి అంచులకు జరపాలి. లేకపోతే లోపల గాలి చిక్కుతుంది. పొలంలో బోరు మోటారు వైరుకు సిగరెట్ లైటర్‌తో స్లీవ్ బిగిస్తే మసి అంటుతుంది, ఒక పక్క మాడి మరో పక్క వదులుగా మిగులుతుంది.

మంట లేకుండా చేద్దామంటే బ్యాటరీ హీట్ గన్ ఉంది. 18 వోల్టులు, 5 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఉండేది 90 వాట్ అవర్లు. 1500 వాట్ల గన్ దాన్ని నాలుగు నిమిషాల్లోపే ఖాళీ చేస్తుంది. అంత శక్తి ఏడెనిమిది గ్రాముల బ్యూటేన్‌లోనే ఉంటుంది. అందుకే బ్యాటరీ గన్లు తక్కువ వాట్లతో సన్న స్లీవులకే పరిమితమవుతున్నాయి.

అసలు వేడే వద్దనే కోల్డ్ ష్రింక్ కూడా వచ్చింది. సాగదీసిన రబ్బరు గొట్టం లోపలి ప్లాస్టిక్ చుట్టను లాగేస్తే చాలు, అదే బిగుసుకుంటుంది. గ్యాస్ వాసన ఉన్నచోట, ఇరుకు గోతుల్లో దానికి సాటి లేదు. అయితే ఆ రబ్బరు నిల్వలో ఉన్నన్నాళ్లూ సాగిన స్థితిలోనే ఉండాలి, కాబట్టి దానికి గడువు ఉంటుంది. హీట్ ష్రింక్ గొట్టానికి ఆ బాధ తక్కువ. జాయింటర్ సంచిలో గ్యాస్ టార్చి ఇంకా చోటు నిలుపుకుంటోందంటే కారణం అదే.