బడి పెత్తనము ఎవరిది?

శతాబ్ది సంచికకు చరిత్ర వ్యాసమొకటి వ్రాయుమని పెద్దలు కోరినప్పుడు, గుడుల చరిత్రను నాకంటె బాగుగా ఎరిగినవారు వ్రాయుదురు గదా, నేను బడిని గూర్చి వ్రాయుదును అనుకొన్నాను. కొడంగల్ ప్రాంతపు బడిలో భాష మారినది, జిల్లా మారినది, రాష్ట్రము మారినది. మరి ఆ బడిని నడిపించు పనిలో పిల్లల తల్లిదండ్రులకు చోటు ఎప్పుడు దొరికినది?

1956కు ముందు కొడంగల్ తాలూకా గుల్బర్గా జిల్లాలోనిది. నిజాము పాలనలో కచేరి భాష ఉర్దూ. ఇంట్లో తెలుగు, కొందరి ఇండ్లలో కన్నడము. ఊరివారు సొంతముగా బడి పెట్టుకొనవలెనన్నను సర్కారు అనుమతి తప్పనిసరి. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగినది. అప్పటినుండి మాతృభాషలో చదువు కావలెనను కోరిక బలపడినది. కాని కోరుట వేరు, నిర్ణయించు చోట కూర్చుండుట వేరు.

అప్పటికి అరువది యేండ్ల క్రిందటనే, 1870లో, ఇంగ్లండులో స్కూలు బోర్డులకు ఎన్నికలు మొదలైనవి. స్త్రీలు పార్లమెంటుకు ఓటు వేయలేని ఆ దినములలోనే బోర్డు సభ్యత్వమునకు పోటీ చేయగలిగిరి. లండనులో ఎలిజబెత్ గారెట్, ఎమిలీ డేవిస్ అనువారు ఆ యేడే గెలిచిరి. ఎన్ని స్థానములుంటే ఓటరుకు అన్ని ఓట్లు. వాటినన్నిటిని ఒక్కరికే వేయవచ్చును. అందువలన చిన్న సంఘములవారికి కూడ బోర్డులో చోటు దొరికినది. 1902 నాటి చట్టము ఆ బోర్డులను తీసివేసినది.

మన సంగతికి వత్తము. 1956 నవంబరు 1న కొడంగల్ ఆంధ్రప్రదేశ్‌లో చేరి మహబూబ్‌నగర్ జిల్లాలోనికి వచ్చినది. 1959లో పంచాయతీరాజ్ వచ్చినది. ఆ ప్రారంభోత్సవమునకు నెహ్రూ గారు అప్పటి మన జిల్లాలోని షాద్‌నగర్‌కే వచ్చిరి. ప్రాథమిక పాఠశాలలు సమితుల క్రిందికి, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తు క్రిందికి పోయినవి. ఎన్నికైన నాయకులకు బడిమీద అధికారము వచ్చినది గాని, ఆ బడిలో పిల్లలున్న కూలివానికి రాలేదు.

ఆ కొరతను తీర్చుటకు 1998లో రాష్ట్రము ప్రజల భాగస్వామ్య చట్టము చేసి, తల్లిదండ్రులు ఎన్నుకొను పాఠశాల కమిటీలను ఏర్పరచినది. తరువాత 2009 విద్యాహక్కు చట్టము వచ్చినది. దాని ప్రకారము పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులమంది తల్లిదండ్రులే ఉండవలెను, సగము స్త్రీలుండవలెను. మన దగ్గర తరగతికి ముగ్గురు చొప్పున ఎన్నుకొందురు. బడి పనితీరును చూచుట, వచ్చిన డబ్బు ఖర్చును చూచుట, అభివృద్ధి ప్రణాళిక వ్రాయుట వారి పని.

2019 ఎన్నికలో నేనును నిలిచితిని. మా అమ్మాయి అప్పుడు ఆరవ తరగతి. చదువుకొన్నవాడిని, పదిమందిలో మాటలాడుట అలవాటు, నేను గాక మరెవరు అనుకొన్నాను. తల్లులు వరుసగా నేలమీద కూర్చుండిరి. చేతులెత్తిరి. ముగ్గురును స్త్రీలే గెలిచిరి. నాకు రెండు చేతులు తక్కువైనవి. వారిలో ఒకామె పత్తి ఏరుటకు కూలికి పోవు చెల్లెలు. ఇంటికి నడచి వచ్చునప్పుడు నాకు చిన్నతనముగానే ఉండెను.

కొన్ని నెలలకు ఆ చెల్లెలు దారిలో ఎదురై, “అయ్యగారూ, మీటింగు కాకముందే బుక్కు పట్టుకొచ్చి సంతకం పెట్టుమన్నరు. ఆడపిల్లల బాత్‌రూముల నీళ్లు వస్తలేవు, ఆ మాట రాస్తెనే పెడ్తనన్న” అన్నది. రాసిరా అని అడిగితిని. “రాసిండ్రు. నేను చదివించుకొని పెట్టిన” అన్నది.

నేను గెలిచియుంటే ఆ నీళ్ల సంగతి నాకు తట్టెడిదా? తట్టెడిది కాదని ఒప్పుకొనుచున్నాను. నా కూతురు అదే బడికి పోవుచున్నను, ఆ మాట ఇంట్లో నాతో అనలేదు. తల్లులకు చెప్పినది ఆమె చెవిని పడినది.

ఆ కమిటీ గడువు రెండేండ్లే అయినను, మరల ఎన్నిక 2024 జనవరిలో గాని జరుగలేదు. అదే యేడు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడ వచ్చినవి. వాటికి మహిళా సమాఖ్యల అధ్యక్షురాండ్రు పెద్దలు. పేర్లు మారుచుండును. పుస్తకము తెచ్చి సంతకము అడుగు అలవాటు మాత్రము చట్టముతో పోలేదు. కాబట్టి మన సంఘములలోని తల్లిదండ్రులకు నా మనవి యిది: నోటీసు పడిన దినమున కూలి ఒక పూట పోయినను బడికి వెళ్లుడి, పోటీ చేయుడి. ఓడినను ఫరవాలేదు, నేను ఓడినందున మా బడికి మేలే జరిగినది. గెలిచినవారు మాత్రము వ్రాసినది చదివించుకొని సంతకము పెట్టుడి.