వేట ట్రోఫీలు: ట్రిగ్గర్ నొక్కడానికి క్షణం.. కొమ్ములు ఇంటికి చేరడానికి ఏడాది! ఆఫ్రికా సఫారీల వెనుక ఇంత తతంగమా?

అమెరికాలో ఫ్లైట్ ఎక్కి దక్షిణాఫ్రికాలో దిగుతారు. పది రోజుల సఫారీ. చేతిలో లైసెన్సు, పక్కన ప్రొఫెషనల్ హంటర్. మెలితిరిగిన కొమ్ముల కుడు జింకనో, కేప్ బఫెలోనో, ఖర్చుకు వెనకాడని వాళ్లయితే చిరుతనో కాలుస్తారు. దాని పక్కన కూర్చుని ఫొటో దిగుతారు. ఆ ఫొటో అదే రాత్రి ఇంట్లోవాళ్ల ఫోన్లకు చేరిపోతుంది. కట్ చేస్తే.. ఆ జంతువు తల, చర్మం, కొమ్ములు మాత్రం ఏడాది తిరిగినా గుమ్మం తొక్కవు.

డబ్బంతా కట్టేశాం కదా, ఇంకా ఎందుకు రాలేదు? విదేశీ వేటగాళ్లు సఫారీ కంపెనీలను పదే పదే అడిగే ప్రశ్న ఇదే. వేట ట్రోఫీలను ప్రపంచంలో ఎక్కువగా దిగుమతి చేసుకునేది అమెరికా. ఆఫ్రికా నుంచి ఎక్కువగా పంపేది దక్షిణాఫ్రికా. ఈ రెండు దేశాల మధ్య ఒక పెట్టె ప్రయాణం ఇంత ఆలస్యం కావడానికి కారణం ఒక్కటి కాదు. ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో తాళం ఉంది.

ముందు ఉప్పు.. తర్వాత గోడౌన్

జంతువు చనిపోయిన కొద్ది గంటల్లోనే చర్మం ఒలిచేయాలి. ఎండకు ఆలస్యమైతే వెంట్రుకలు ఊడిపోతాయి. అందుకే ప్రతి వేట క్యాంపులోనూ ఈ పనిలో ఆరితేరిన స్థానికులు ఉంటారు. చర్మానికి మందంగా ఉప్పు పట్టించి నీడలో ఆరబెడతారు. పుర్రెను ఉడకబెట్టి మాంసం తీసేస్తారు. వేటగాడి పేరుతో ట్యాగ్ కడతారు. ఇంతవరకు పని చకచకా సాగుతుంది.

అసలు ఆలస్యం మొదలయ్యేది ఇక్కడి నుంచే. క్యాంపు మారుమూల అడవిలో ఉంటుంది. ఒక్క జింక కొమ్ముల కోసం ఎవరూ లారీ పంపరు. సరుకు పోగయ్యే దాకా, ఒక్కోసారి సీజన్ అయిపోయే దాకా అవి అక్కడే పడి ఉంటాయి. దక్షిణాఫ్రికాలో వేట సందడంతా వాళ్ల చలికాలంలోనే, అంటే మనకు ఎండలు, వానలు ఉండే నెలల్లోనే. అందుకే సీజన్ చివర్లో పట్నంలోని టాక్సిడెర్మిస్టుల దగ్గరకు సరుకంతా ఒక్కసారిగా వచ్చిపడుతుంది. టాక్సిడెర్మీ అంటే చర్మాన్ని శుద్ధి చేసి, లోపల అచ్చు పెట్టి జంతువును బతికున్నట్టే తయారు చేసే పని. అది అక్కడే చేయించుకుంటే నెలలు పడుతుంది. వద్దనుకునేవాళ్లు 'డిప్ అండ్ ప్యాక్' ఎంచుకుంటారు. అంటే పురుగు పట్టకుండా మందులో ముంచి, ఆరబెట్టి, పెట్టెలో సర్ది పంపడం. మిగతా పని అమెరికాలో చేయించుకోవచ్చు. ఇది కాస్త త్వరగా అవుతుంది కానీ, కాగితాల దగ్గర మాత్రం రెండు పెట్టెలూ ఒకే క్యూలో నిలబడాల్సిందే.

మన పాడి రైతుకు తెలిసిన జబ్బే

గాలికుంటు వ్యాధి. గేదెలు, ఆవులు ఉన్న ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. ఆఫ్రికాలో అడవి దున్నల్లో ఈ వైరస్ ఉంటుంది. గిట్టల జంతువుల పచ్చి చర్మంతో పాటు అది తమ పశువులకు పాకుతుందేమోనని అమెరికాకు భయం. అందుకే శుద్ధి పూర్తికాని చర్మాలు ఆ దేశ వ్యవసాయ శాఖ అనుమతి ఉన్న టాక్సిడెర్మీ కేంద్రానికే నేరుగా వెళ్లాలి. ఇంటికి పంపడం కుదరదు. వార్ట్‌హాగ్ అనే ఆఫ్రికా అడవి పందికి స్వైన్ ఫీవర్ భయం తోడవుతుంది. బబూన్ కోతి అయితే మనుషుల జబ్బులు చూసే శాఖ కూడా రంగంలోకి దిగుతుంది.

2019 జనవరిలో దక్షిణాఫ్రికాలోని లింపోపోలో గాలికుంటు బయటపడింది. దాంతో ఆ దేశం 'వ్యాధి లేని ప్రాంతం' అన్న గుర్తింపు కోల్పోయింది. నమీబియాలో అయితే ఏకంగా దేశానికి అడ్డంగా ఒక కంచే ఉంది. 'రెడ్ లైన్' అంటారు. దానికి ఉత్తరాన వేటాడిన జంతువు చర్మం దక్షిణానికి రావాలంటే పశువైద్యుల తనిఖీ దాటాలి.

అసలు తాళం: సైటిస్

అంతరించిపోయే ముప్పున్న జీవుల వ్యాపారంపై ప్రపంచ దేశాలు 1973లో వాషింగ్టన్‌లో చేసుకున్న ఒప్పందమే సైటిస్. 1975 నుంచి అమల్లో ఉంది. 180కి పైగా దేశాలు ఇందులో ఉన్నాయి. 1976లో భారత్ కూడా చేరింది. ఇందులో జంతువులను జాబితాలుగా విడగొట్టారు. రెండో జాబితాలోని జంతువుకు పంపే దేశం ఇచ్చే ఎగుమతి పర్మిట్ ఉంటే చాలు. చిరుతలాంటి మొదటి జాబితా జంతువుకు మాత్రం దిగుమతి చేసుకునే దేశం పర్మిట్ కూడా కావాలి. పైగా అదే ముందు రావాలి. అమెరికా సరే అన్నాకే ఆఫ్రికా దేశం ఎగుమతి కాగితం రాస్తుంది.

ఇక్కడే చాలామంది చిక్కుకుంటారు. ఎగుమతి పర్మిట్ గడువు ఆరు నెలలు. దిగుమతి పర్మిట్‌కు ఏడాది. మధ్యలో విమానం దొరక్కపోయినా, పశువైద్యుడి సంతకం ఆలస్యమైనా గడువు దాటిపోతుంది. మళ్లీ మొదటికి! చిరుత చర్మానికైతే దేశం కోడ్, కోటా సంవత్సరం ముద్రించిన ట్యాగ్ ఉండాలి. ట్యాగ్ మీద నంబర్ ఒకటి, పర్మిట్‌లో నంబర్ ఇంకొకటి ఉంటే పెట్టె కదలదు. దక్షిణాఫ్రికాలో ఈ పర్మిట్లు ఇచ్చేది ఎక్కువగా రాష్ట్రాల ఆఫీసులే. ఆ దేశంలో తొమ్మిది రాష్ట్రాలు, తొమ్మిది ఆఫీసులు. ఒక చోట ఉన్న వేగం ఇంకో చోట ఉండదు.

దీనికి తోడు కోర్టులు. 2022లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఏడాదికి 150 ఏనుగులు, 10 నల్ల ఖడ్గమృగాలు, 10 చిరుతల వేటకు కోటా ప్రకటించింది. జంతు హక్కుల సంస్థ కోర్టుకెక్కింది. ఏప్రిల్‌లో వెస్టర్న్ కేప్ హైకోర్టు స్టే ఇచ్చింది. అప్పటికే బుక్ చేసుకున్నవాళ్ల పరిస్థితి అయోమయంలో పడింది.

ఏనుగు దంతాలు.. ఏళ్ల తరబడి నిరీక్షణ

ఎక్కువ కాలం ఎదురుచూసింది ఏనుగు వేటగాళ్లే. 2014 ఏప్రిల్‌లో అమెరికా ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ జింబాబ్వే, టాంజానియాల నుంచి ఏనుగు ట్రోఫీలు రాకుండా ఆపేసింది. ఏనుగులు నిజంగా సురక్షితంగా ఉన్నాయని చూపే వివరాలు చాలడం లేదన్నది కారణం. 2017 నవంబర్‌లో జింబాబ్వేపై నిషేధం ఎత్తేస్తున్నట్టు ప్రకటించింది. దేశమంతా గగ్గోలు. రోజుల వ్యవధిలోనే ట్రంప్ బ్రేక్ వేశారు. ఆ తర్వాత కోర్టు తీర్పు ఒకటి వచ్చి, దేశం మొత్తానికి కలిపి నిర్ణయం ప్రకటించిన పద్ధతే చెల్లదంది. దాంతో 2018 మార్చి నుంచి ఒక్కో దరఖాస్తును విడివిడిగా చూస్తామన్నారు.

చూస్తామన్నారు కానీ, ఫైళ్లు కదల్లేదు. 2019లో డాలస్ సఫారీ క్లబ్ కేసు వేసింది. 2021లో రాజీ కుదిరాకే పెండింగ్ దరఖాస్తులకు కదలిక వచ్చింది. సింహాలదీ ఇలాంటి కథే. 2015 డిసెంబర్‌లో ఆఫ్రికా సింహాన్ని అమెరికా తన రక్షిత జంతువుల చట్టం కిందకు తెచ్చింది. దక్షిణాఫ్రికాలో కంచెల మధ్య పెంచిన సింహాల ట్రోఫీలను 2016లో పూర్తిగా ఆపేసింది.

విమానాలూ మొహం చాటేశాయి

2015 జులైలో జింబాబ్వేలోని హ్వాంగే నేషనల్ పార్క్ దగ్గర సెసిల్ అనే సింహం ఒక అమెరికన్ డెంటిస్టు వేటలో చనిపోయింది. సోషల్ మీడియా భగ్గుమంది. ఆగస్టులో డెల్టా ఎయిర్‌లైన్స్ సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, బఫెలో ట్రోఫీలు తీసుకెళ్లబోమని తేల్చేసింది. అమెరికన్, యునైటెడ్ కూడా అదే బాట పట్టాయి. అప్పట్లో జొహన్నెస్‌బర్గ్ నుంచి నేరుగా అమెరికాకు ఎగిరే అమెరికా సంస్థ డెల్టా ఒక్కటే. ఎమిరేట్స్ కార్గో అంతకు ముందే ఆపేసింది. యూపీఎస్ మాత్రం చట్టబద్ధమైన సరుకైతే తీసుకెళ్తామంది. సఫారీ సంఘాలు డెల్టాపై కేసు వేసినా నిలబడలేదు.

సౌత్ ఆఫ్రికన్ ఎయిర్‌వేస్ కారణం మాత్రం వేరే. యంత్రాల విడిభాగాలని రాసి పంపిన పెట్టెలో ఏనుగు దంతాలు బయటపడ్డాయి. 2015 ఏప్రిల్‌లో ఆ సంస్థ ట్రోఫీలన్నిటినీ ఆపేసి, జులైలో మళ్లీ మొదలుపెట్టింది. విమానం దొరకనివాళ్లకు మిగిలేది ఓడ. పెట్టె పెద్దదైతే అదే చవక కూడా. కాకపోతే వారాల ప్రయాణం.

ఇంత అనుమానం దేనికంటే..

వియత్నాంలో ఖడ్గమృగం కొమ్మును మందుగా అమ్ముతారు. అక్కడి ముఠాలు ఒక దారి కనిపెట్టాయి. మనుషులను వేటగాళ్లుగా దక్షిణాఫ్రికాకు పంపడం, చట్టబద్ధంగా ట్రోఫీ పర్మిట్ తీసుకోవడం, కొమ్మును తెచ్చి అమ్మేయడం! ఇందులో కొందరికి తుపాకీ పట్టుకోవడం కూడా రాదు. థాయ్‌లాండ్‌కు చెందిన చుమ్లాంగ్ లెమ్‌థోంగ్‌తాయ్ అయితే దక్షిణాఫ్రికాలో సెక్స్ వర్కర్లుగా పనిచేస్తున్న థాయ్ యువతులనే వేటగాళ్లుగా చూపించాడు. 2012 నవంబర్‌లో కోర్టు అతనికి 40 ఏళ్ల జైలు వేసింది. పైకోర్టుల్లో తర్వాత తగ్గింది, అది వేరే సంగతి. అదే ఏడాది వియత్నాం పౌరులకు ఖడ్గమృగం వేట పర్మిట్లు ఆపేశారు.

ఇది తెలిశాక కాగితాల మీద చిరాకు కాస్త తగ్గుతుంది. జంతువు చనిపోయాక, అది నిజంగా ఎక్కడ, ఎవరి చేతిలో, ఏ కోటా కింద చనిపోయిందో చెప్పేవి ఆ కాగితాలే. నిజాయితీగా వేటాడినవాడి పెట్టె కూడా అదే జల్లెడలో ఆగుతుంది. అది అతనికి అన్యాయంగానే అనిపిస్తుంది.

అమెరికాలో దిగాక కూడా పని ఉంటుంది. వన్యప్రాణి సరుకు దిగాల్సింది ఎంపిక చేసిన పోర్టుల్లోనే. డిక్లరేషన్ ఫారం, ఇన్‌స్పెక్టర్ తనిఖీ, కస్టమ్స్ బ్రోకర్ ఫీజు. ఆఫ్రికాలో ఎగుమతి రోజు అధికారి వేయాల్సిన ముద్ర పడకపోతే సరుకు సీజ్ కూడా కావచ్చు.

డబ్బు వెనక్కి రాదు

సఫారీ ఒప్పందాల్లో మామూలుగా ఒక షరతు ఉంటుంది. జంతువుకు గాయమై తప్పించుకున్నా ట్రోఫీ ఫీజు కట్టాల్సిందే. ఇక ఇంటికి చేరకపోతే సఫారీ కంపెనీ బాధ్యత ఎందుకుంటుంది? గోడౌన్ అద్దె మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

నష్టపోయేది వేటగాడు ఒక్కడే కాదు. జింబాబ్వేలో 1989లో మొదలైన క్యాంప్‌ఫైర్ పథకం కింద వేట ఆదాయంలో వాటా ఊళ్లకు వెళ్తుంది. అందులో ఎక్కువ భాగం ఏనుగుల మీదే. దంతాలు ఇంటికి రావని తెలిస్తే అమెరికన్ ఎందుకు బుక్ చేస్తాడు? 2014 తర్వాత బుకింగ్‌లు రద్దయ్యాయి. పంటలు తొక్కించుకున్న ఊళ్లకే ఆ ఆదాయం తగ్గింది. ఆ డబ్బు ఊరికి చేరేది కొంతేనని, ఏనుగును చంపి కాపాడటమేంటని వ్యతిరేకులు గట్టిగా అడుగుతారు. ఆ వాదన ఇంకా తెగలేదు.

మన దేశంలో ఈ గొడవ ఏనాడో ముగిసింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేటకు తెరపడుతూ వచ్చింది. ఒకప్పుడు మహారాజుల పులులకు రూపం పోసిన మైసూరు వాన్ ఇంగెన్ సంస్థ 1999లో మూతపడింది. తాతల కాలం పులి చర్మం ఇంట్లో ఉన్నా కాగితం ఉండాల్సిందే. ప్రకటించనివాళ్లకు 2003లో కేంద్రం 180 రోజుల గడువు ఇచ్చింది.

పర్మిట్ ముందు.. తుపాకీ తర్వాత

నమీబియాకు ఏడాదికి ఐదు నల్ల ఖడ్గమృగాల వేటకు 2004లో సైటిస్ అనుమతి వచ్చింది. అమెరికాలోని విస్కాన్సిన్‌కు చెందిన ఒకతను 2009లో అక్కడ ఒకదాన్ని వేటాడాడు. దాన్ని ఇంటికి తెచ్చుకోవడానికి అమెరికా అనుమతి వచ్చింది ఎప్పుడో తెలుసా? 2013లో. నాలుగేళ్లు!

ఆ తర్వాత టెక్సాస్ వేటగాడు ఒకరు జాగ్రత్తపడ్డాడు. 2014 జనవరిలో డాలస్ సఫారీ క్లబ్ వేలంలో 3,50,000 డాలర్లకు నమీబియా పర్మిట్ గెలుచుకున్నాడు. వెంటనే బయల్దేరలేదు. ట్రోఫీ తెచ్చుకోవడానికి అమెరికా ఒప్పుకుంటుందో లేదో తేలనివ్వమన్నాడు. బెదిరింపులు వచ్చాయి, విమర్శలు వచ్చాయి. ఏడాదికి పైగా ఆగాడు. 2015 మార్చిలో దిగుమతి అనుమతి చేతికొచ్చింది. ఆ కాగితం వచ్చాకే, మే నెలలో నమీబియా అడవిలోకి వెళ్లాడు.