క్లారినెట్టుకు కులం ఉన్నదా? (మేళం చరిత్ర – 7)



మొన్న డిగ్రీ పిల్లలకు జానపద వాద్యాల పాఠం చెప్తూ ఒక పాత రికార్డు వినిపించిన. 1923లో అమెరికాలో కింగ్ ఆలివర్ క్రియోల్ జాజ్ బ్యాండు వాయించింది. వంద ఏండ్ల కిందటి గరగర. రెండు కార్నెట్లు, క్లారినెట్, ట్రాంబోన్, పియానో, బాంజో, డ్రమ్ములు. ఎవరి దారిన వాళ్ళు పోతున్నట్టే ఉంటది, ఒక్కరూ తప్పిపోరు. వెనక బెంచీలో కూర్చున్న ఉట్నూరు దిక్కు పిల్లగాడు లేచి అడిగిండు: "మేడం, వీళ్ళు ఇది ఎక్కడ నేర్చుకున్నరు?"

ఆ పిల్లగాడు ప్రధాన్ల ఇంటివాడు. వాళ్ళ తాత కిక్రి వాయిస్తడు. క్లాసులో నేను చెప్పిన జవాబు సగమే. మిగిలిన సగం ఇక్కడ రాస్తున్న.

ముందు ఆ బ్యాండు సంగతి. అందులో రెండో కార్నెట్ లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ది. 1901లో న్యూ ఆర్లీన్స్‌లో పుట్టిండు, చిన్నప్పుడు బొగ్గు బండి మీద పనిచేసిండు. 1912 ఆఖరి రాత్రి కొత్త సంవత్సరం సంబురంలో పిస్తోలు పేల్చిండని పోలీసులు పట్టుకపోయి నల్లపిల్లల దిద్దుబాటు బడిలో పడేసిండ్రు. అక్కడ పీటర్ డేవిస్ అనే ఆయన పిల్లలకు బ్యాండు నేర్పుతుండె. జైలు లాంటి ఆ బడిలోనే ఆర్మ్‌స్ట్రాంగ్ చేతికి కార్నెట్ పద్ధతిగా అబ్బింది. క్లారినెట్ జానీ డాడ్స్‌ది. ఆయన లొరెంజో టియో దగ్గర పాఠాలు తీసుకున్నడు. టియోలది క్రియోల్ కుటుంబం, కాయితం మీద స్వరాలు చూసి వాయించే, ఇతరులకు నేర్పే ఇల్లు. పియానో మీద కూర్చున్నది లిల్ హార్డిన్. మెంఫిస్ అమ్మాయి, ఫిస్క్ యూనివర్సిటీలో చదివింది, షికాగోలో ఒక మ్యూజిక్ షాపులో కొత్త పాటలు వాయించి చూపించే కొలువు చేసింది. ఆమె తొలిసారి న్యూ ఆర్లీన్స్ వాళ్ళ పక్కన కూర్చున్ననాడు కాయితం ఏదని అడిగితే, కాయితం లేదన్నరట. ఏ శ్రుతి అంటే అదీ చెప్పలేదట. రెండు తట్లు వినపడంగనే మొదలుపెట్టమన్నరు. మొదలుపెట్టింది. కొలువు దొరికింది.

బ్యాండుల చరిత్రలో ఆడమనిషి పేరు ఇంత ముందువరుసలో కనపడేది అరుదు. మన బ్యాండు మేళాల్లో నేనింతవరకు ఒక్క ఆడామెను చూడలేదు. దాని గురించి వేరే భాగమే రాయాలె.

కాయితం చదివేటోళ్ళు, చెవితోని పట్టేటోళ్ళు ఒక్కతాన ఎట్ల చేరిండ్రు? ప్రేమతోని కాదు. న్యూ ఆర్లీన్స్‌లో క్రియోల్ కుటుంబాలు తాము నల్లోళ్ళకంటే ఒక మెట్టు పైన అనుకునేటివి. ఫ్రెంచి మాట్లాడేటోళ్ళు, పిల్లలకు సంగీతం పాఠాలు చెప్పించేటోళ్ళు. లూసియానా ప్రభుత్వం రైలు డబ్బాలు వేరు చేసింది. 1892లో ఆ చట్టాన్ని తెలిసి తెలిసి ఉల్లంఘించి తెల్లోళ్ళ డబ్బాలో కూర్చున్న క్రియోల్ మనిషి హోమర్ ప్లెస్సీ. ఆయన వృత్తి ఏందో తెలుసా? చెప్పులు కుట్టుడు. (అంబేడ్కర్ కేసుల గురించి చదివే మన పిల్లలు ప్లెస్సీ పేరు చదువుతరు గానీ ఈ ముక్క ఎవరూ చెప్పరు.) 1896లో సుప్రీంకోర్టు ఆయనకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. చట్టం లెక్కలో క్రియోలు, నల్లోడు ఒక్కటే అయిండ్రు. కొలువులు కుదించుకపోయినంక టియోల శిష్యులు బొగ్గు బండ్ల పిల్లల పక్కన నిలబడి వాయించక తప్పలేదు. జాజ్ పుట్టుకకు ఇదొక్కటే కారణం కాదు. డ్యాన్సు హాళ్ళు, ఊరేగింపులు, చర్చి పాటలు అన్నీ ఉన్నయి. సావు ఊరేగింపు కూడా ఉన్నది. బొందలగడ్డ దాకా మెల్లగ ఏడుపు పాట, తిరిగొచ్చేటప్పుడు దుంకే పాట. ఇది మొదటిసారి చదివిననాడు నేను పుస్తకం మూసేసి చాలాసేపు మా వాడనే తలుచుకున్న.

మన దగ్గర లెక్క ఇంకో తీరు. ఇక్కడ వాద్యం కులంతోపాటే పుట్టింది. డప్పు మాదిగలది. సన్నాయి మంగలోళ్ళది. ఒగ్గు డోలు మల్లన్న కథ చెప్పే కురుమ ఒగ్గోళ్ళది. జమిడిక బైండ్లోళ్ళది. కిన్నెర డక్కలోళ్ళది, వాళ్ళు మాదిగ వాడలకే వచ్చి జాంబ పురాణం చెప్పి మాదిగల దగ్గరనే అడుక్కుంటరు. చిందోళ్ళూ అంతే. అంటే అందరికంటే కింద అని ఊరు నిలబెట్టినోళ్ళకు కూడా తమ కళాకారులు, తమ పురాణం ఉన్నయి. అందులో గర్వం ఉన్నది, మెట్టు కూడా ఉన్నది. రెండూ ఒప్పుకోవాలె.

ఆదిలాబాద్ అడవిలో రాజ్‌గోండుల దేవతల కథలు పాడేది గోండులు కాదు, ప్రధాన్లు, తోటీలు. చేతిలో కిక్రి, కమానుతోని వాయించే తీగల వాద్యం. ఒక్కో ప్రధాన్ ఇల్లు ఒక్కో గోండు వంశానికి కట్టుబడి ఉంటది. 1940లలో హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో ఉండి ఈ సంబంధాలన్నీ రాసిపెట్టిండు. ఇంట్లో చాలామంది ప్రధాన్లు మాట్లాడేది మరాఠీ, పాడేది గోండి. వంశం కథంతా నోట్లో పెట్టుకున్నోడు ఒకడు, ఆ వంశపు పెద్దరికం ఇంకొకడిది. 2021లో మార్లవాయి గుస్సాడి కనకరాజుకు పద్మశ్రీ వచ్చినప్పుడు మనమంతా సంబురపడ్డం. పడాల్సిందే. ఆ నెమలి ఈకల టోపీ ఆడాలంటే పక్కన వాద్యం మోగాలె కదా, ఆ వాయించేటోళ్ళ పేరు ఒక్కటి చెప్పమంటే నా దగ్గరా లేదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా చిన్నబాపు కరీంనగర్‌లో ఒక బ్యాండు మేళంలో ఇరవై ఏండ్లకు పైన వాయించిండు. ఆ మేళంలో సైడ్ డ్రమ్ము, పెద్ద డ్రమ్ము మావోళ్ళవి. ట్రంపెట్ ఒక ముస్లిం పెద్దమనిషిది. మాస్టర్ మంగలాయన, సన్నాయి ఇంటి నుంచి వచ్చి క్లారినెట్ పట్టినోడు.

డప్పు నుంచి సైడ్ డ్రమ్ముకు పోవుడు అల్కగ ఉంటదని అనుకుంటరు. కాదు. డప్పు మీద రెండు చేతులు ఒకటి కావు. ఎడమ చేతిలో సన్నని చిటికెన పుల్ల ఆగకుండ ఉరుకుతుంటది, కుడిచేతి సిర్ర దెబ్బ వేస్తది. డ్రమ్ము పుల్లలు రెండూ ఒకే బరువు. మా చిన్నబాపుకు నెల రోజులు ఎడమ చెయ్యి మాట వినలేదట. విన్నంక మాత్రం ఆయన వేసే దరువు మిగతా మేళాలోళ్ళకు దొరకలేదు. పెండ్లిలో సినిమా పాట పోతుంటే దాని కింద మా వాడ దెబ్బ నడుస్తుండె. డప్పును కాచినట్టు డ్రమ్మును కాచే పని లేదు, అదొక్కటే సుఖం అనేటోడు.

తర్వాత ఆయనకు క్లారినెట్ మీద మనసు పడ్డది. మాస్టర్‌ను అడిగిండు. మాస్టర్ నేర్పిండు. బుగ్గల్లో గాలి దాచుకొని ముక్కుతోని పీల్చి ఊపిరి తెగకుండ ఊదే సన్నాయి విద్య, స్వరాన్ని వేలితోని జారవిడిచే ఒడుపు, మీటల క్లారినెట్ మీద దాన్ని ఎట్ల రాబట్టాలె, అన్నీ. ఒకసారి నేను అడిగిన: "సన్నాయే నేర్చుకోకపోయినవా చిన్నబాపు?" ఆయన నవ్విండు. "సన్నాయి ఎట్ల నేర్పుతడు బిడ్డా? అది గుళ్ళె మోగేది. క్లారినెట్‌కు గుడి లేదు కదా."

నా పీహెచ్‌డీ మొత్తంలో నేను రాయలేని వాక్యం అది. బ్యాండు మేళం ఇత్తడి, మీటలు, అంగీకి బంగారు దారపు పట్టీలు అన్నీ తెచ్చింది గానీ అసలు తెచ్చింది ఇది: ఏ కులానిదీ కాని వాద్యం. పుట్టుకతోని చేతికి రాని వాద్యాన్ని మనిషి ఇష్టపడి పట్టుకోవచ్చు అన్న సంగతి.

వాళ్ళు వాయించిన పాటలకు కూడా ఒక తొవ్వ ఉన్నది. గోవా క్రైస్తవ పిల్లలు చర్చి బళ్ళల్లో స్వరాలు, వయొలిన్ నేర్చుకొని బొంబాయి హోటళ్ళల్లో జాజ్ వాయించిండ్రు. వాళ్ళలో చిక్ చాకొలెట్ అనే ట్రంపెట్ వాద్యకారుణ్ణి ఇండియా ఆర్మ్‌స్ట్రాంగ్ అనేటోళ్ళు. 1951లో వచ్చిన అల్బేలా సినిమాకు సి. రామచంద్ర పాటల వెనక ఉన్నది ఆయన పని. అట్లాంటి వాద్యకారులు సినిమా ఆర్కెస్ట్రాలు నింపిండ్రు, రేడియో ఆ పాటలను మన ఊర్లకు తెచ్చింది, మా చిన్నబాపోళ్ళు చెవితోని పట్టుకొని పెండ్లి పందిట్లో ఊదిండ్రు. దిద్దుబాటు బడి కార్నెట్ ఇంత దూరం నడిచొచ్చింది. ఎవరి దగ్గరా కాయితం లేదు.

దీన్ని "కాపీ" అనేటోళ్ళకు ఒక మాట. ముత్తుస్వామి దీక్షితులు మద్రాసులో ఇంగ్లీషోళ్ళ బ్యాండు బాణీలు విని వాటికి సంస్కృత సాహిత్యం కట్టిండు, వాటిని నోట్టుస్వరాలంటరు. ఆయన తమ్ముడు బాలుస్వామి తెల్లోళ్ళ వయొలిన్ నేర్చుకొని కర్ణాటక సంగీతంలోకి తెచ్చిండు. గొప్ప పని, నేను కాదనను. అదే కుంపిణీ బ్యాండు నుంచి వచ్చిన వయొలిన్ అక్కడ కచేరీ అయింది, ఇత్తడి బూరలు మన దగ్గర మేళంగానే మిగిలినయి. ఒకరిని విద్వాన్ అంటరు, ఇంకొకరిని బ్యాండోడా అని పిలుస్తరు.

బ్యాండు అన్నీ మార్చిందని నేను అబద్ధం రాయ. యూనిఫాం వేసుకున్నా ఆఖరి బంతిలనే అన్నం, అదీ పందిరి అవతల. నా చిన్నప్పుడు ఒక పెండ్లిలో చిన్నబాపు విస్తరి పట్టుకొని నీళ్ళ డ్రమ్ము పక్కన నిలబడి తినంగ చూసిన. అప్పటిదాకా పెండ్లికొడుకు ముందల నడిచింది ఆయనే.

మా బాపు వేరే దారి పట్టిండు. ఊరు సావులకు డప్పు కొట్టుడు వెట్టి అని బంద్ పెట్టిండు, డప్పు అటక మీదికి పోయింది. 1994లో ఈదుమూడిలో దండోరా మొదలైనంక, తర్వాత ధూంధాంల కాలంలో, అదే డప్పు కిందికి దిగింది. దించింది చిన్నబాపు. అన్నదమ్ములు రెండు నెలలు మాట్లాడుకోలేదు. ఎవరిది రైటు అని నన్ను అడిగితే, నాకు ఇప్పటికీ బాపు కోపం అర్థమైతది, డప్పు మోగితే కాళ్ళు మాత్రం ఆగవు.

ఇప్పుడు ఆ మేళం లేదు. డీజే బండ్లు వచ్చినయి. క్లారినెట్ మా ఇంట్లనే ఉన్నది, రెండు మీటలు లేవు.

ఆ ఉట్నూరు పిల్లగానికి ఒక పని చెప్పిన. "నువ్వు నన్ను అడిగిన ప్రశ్న మీ తాతను అడుగు." దసరా సెలవులకు పోయి అడిగిండు. ఎక్కడ నేర్చుకున్నవ్ అని ఆయన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదట. చాలాసేపు నవ్వి, తర్వాత పేర్లు చెప్పుకుంట పోయిండట. ఎవరి దగ్గర తీగ బిగించుడు, ఎవరి దగ్గర ఏ కథ, ఏ ఊర్లో ఏ పండుగ రాత్రి. ఫోన్‌లో నలభై నిమిషాల రికార్డు ఉన్నది. కొంత గోండి, కొంత మరాఠీ. పిల్లగానికి సగమే తెలుస్తున్నది, నాకు అదీ లేదు. రెండు భాషలూ వచ్చినోళ్ళు ఎవరైనా ఆదిలాబాద్, ఆసిఫాబాద్ దిక్కు ఉంటే నాకు రాయండి. తాతకు ఎనభై దాటినయి, చెప్పాల్సింది ఇంకా ఉన్నదంటున్నడు.