పెట్ కేర్: ఇంట్లో ఒంటరిగా ఉండే కుక్కకు ఫుడ్ టాయ్ కొంటున్నారా? ఈ విషయాలు తప్పక చూసుకోండి..

ఉదయం తొమ్మిదికల్లా ఇంట్లో అందరూ బయటికి వెళ్లిపోతారు. పిల్లలు స్కూలుకి, పెద్దవాళ్లు ఆఫీసుకో షాపుకో. ఇంట్లో మిగిలేది కుక్క ఒక్కటే. సాయంత్రం వచ్చేసరికి చెప్పులు చిరిగిపోయి ఉంటాయి, సోఫాలో దూది బయట ఉంటుంది. పక్కింటివాళ్లు 'మీ కుక్క పొద్దున్నుంచీ ఒకటే అరుపు' అని కంప్లయింట్ చేస్తారు. ఏలూరు పవర్‌పేటలో అపార్ట్‌మెంట్ అయినా, తాడేపల్లిగూడెంలో డాబా ఇల్లు అయినా కుక్కను పెంచేవాళ్లకు ఇది తెలిసిన గొడవే. చాలాసార్లు ఈ గొడవ ముదిరి కుక్కను గొలుసుతో కట్టేయడం దాకా, ఇంకా ముదిరితే ఊరి బయట వదిలేయడం దాకా వెళ్తుంది.

ఇలాంటి కుక్కలకు పనికొచ్చేవే ఫుడ్ టాయ్స్. అంటే లోపల తిండి పెట్టి ఇచ్చే బొమ్మలు. కుక్క దాన్ని దొర్లించి, నాకి, మూతితో తోసి, నమిలి తిండి బయటికి తీసుకోవాలి. గిన్నెలో పెడితే రెండు నిమిషాల్లో అయిపోయే అన్నం ఇందులో పెడితే ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. అయితే ఏది పడితే అది కొంటే డబ్బులు వృథా. ఒక్కోసారి కుక్క ప్రాణానికే ముప్పు కూడా. మరి ఎలా ఎంచుకోవాలి? ఇప్పుడు చూద్దాం.

అసలు ఎందుకు పనిచేస్తాయి?

కుక్క పుట్టుకతోనే తిండి కోసం వాసన చూసి, వెతికి, తవ్వి, నమిలి బతికే జంతువు. మనం గిన్నెలో అన్నం పెట్టేస్తే ఆ పనులన్నీ ఆగిపోతాయి. పని లేని కుక్క తనకు నచ్చిన పని వెతుక్కుంటుంది. అదే మన చెప్పులు, తలుపు అంచులు.

దీనిపై పరిశోధనలు కూడా ఉన్నాయి. 1963లో గ్లెన్ జెన్సన్ అనే సైకాలజిస్ట్ ఎలుకల మీద ఓ ప్రయోగం చేశారు. పక్కనే గిన్నెలో ఉచితంగా తిండి ఉన్నా, మీట నొక్కి సంపాదించుకునే తిండి వైపు చాలా ఎలుకలు వెళ్లాయి. మరి కుక్కలూ అంతేనా? 2024లో సైంటిఫిక్ రిపోర్ట్స్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనం ప్రకారం పెంపుడు కుక్కలు ఉచిత తిండిని వదిలేసి మరీ కష్టపడవు. కానీ కష్టపడటానికి సిద్ధంగానే ఉంటాయి. అంటే కడుపు నిండాక బొమ్మ ఇస్తే పట్టించుకోకపోవచ్చు. భోజనంలో కొంత భాగాన్నే బొమ్మలో పెట్టి ఇస్తే మాత్రం పని చేస్తుంది. ఈ ఒక్క పాయింట్ గుర్తుపెట్టుకుంటే చాలు, సగం పని అయిపోయినట్టే.

మార్కెట్లో ఏమేం దొరుకుతున్నాయి?

రబ్బరు బొమ్మలు: లోపల ఖాళీగా ఉంటాయి, అందులో తిండి కూరాలి. వీటిలో బాగా పేరున్నది 'కాంగ్'. దీని వెనక ఓ కథ ఉంది. 1970ల్లో అమెరికాలోని కొలరాడోలో జో మార్కమ్ అనే ఆయన దగ్గర ఫ్రిట్జ్ అనే జర్మన్ షెపర్డ్ ఉండేది. అది రాళ్లు నమిలి పళ్లు అరగదీసుకునేది. ఓ రోజు ఆయన ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్ రిపేర్ చేస్తుంటే పక్కన పడ్డ సస్పెన్షన్ రబ్బరు ముక్కను అది వదలకుండా నమిలింది. అక్కడి నుంచే ఈ బొమ్మ ఆలోచన పుట్టింది.

దొర్లే బంతులు: కుక్క మూతితో తోస్తే చిన్న కన్నంలోంచి గింజలు రాలతాయి. పొడి ఆహారానికి మాత్రమే పనికొస్తాయి. పెరుగన్నం పెడితే లోపలే అంటుకుపోతుంది.

పజిల్ బోర్డులు: మూతలు జరిపి, సొరుగులు లాగి కింద ఉన్న తిండి తీసుకోవాలి. ఇవి బుర్రకు పని. ఇందులో స్వీడన్‌కు చెందిన నీనా ఒటోసన్ పేరు ప్రపంచమంతా తెలుసు. కానీ ఇవి నమలడానికి కాదు. మనం పక్కన కూర్చున్నప్పుడే ఇవ్వాలి.

లిక్ మ్యాట్: గరుకుగా, గాడులతో ఉండే మెత్తటి సిలికాన్ చాప. పెరుగు, గుమ్మడి గుజ్జు లాంటివి పూసి ఇస్తారు. నాకుతూ ఉంటే కుక్క నెమ్మదిస్తుంది. దీపావళి టపాసుల టైమ్‌లో, స్నానం చేయించేటప్పుడు బాగా ఉపయోగం.

స్నఫుల్ మ్యాట్: గుడ్డ పీలికల మధ్య గింజలు దాచి పెట్టే చాప. కుక్క వాసనతో వెతుక్కుంటుంది. పళ్లు బలహీనపడ్డ ముసలి కుక్కలకు బెస్ట్.

స్లో ఫీడర్ గిన్నె: మధ్యలో గట్లు ఉండే గిన్నె. గబగబా మింగేసే ల్యాబ్రడార్‌లాంటి కుక్కలకు మొదట కొనాల్సింది ఇదే.

మీ కుక్క ఏ టైపు?

బొమ్మ బాగుందా లేదా అని కాదు, మీ కుక్కకు సరిపోతుందా అని చూడాలి.

గట్టిగా నమిలే కుక్కలు (జర్మన్ షెపర్డ్, రాట్‌వైలర్, చాలా నాటు కుక్కలు): దళసరి రబ్బరు బొమ్మ మాత్రమే. కాంగ్‌లో అయితే నల్ల రంగుది గట్టి దవడల కోసం, ఎరుపు మామూలు కుక్కల కోసం. పిల్లలకు, ముసలివాటికి మెత్తటి రకాలు వేరే ఉంటాయి. ప్లాస్టిక్ బోర్డు ఇలాంటి కుక్క ముందు పెట్టి వెళ్లిపోతే సాయంత్రానికి ముక్కలే మిగులుతాయి.

పొట్టి ముక్కు కుక్కలు (పగ్, షిట్జూ): లోతైన బొమ్మలో మూతి పట్టదు. లిక్ మ్యాట్, పల్చటి స్నఫుల్ మ్యాట్ ఇవ్వండి.

చిన్న కుక్కలు (పొమెరేనియన్): తేలికైన చిన్న బంతి చాలు. ఇంట్లో పెద్ద కుక్క కూడా ఉంటే జాగ్రత్త. పొమెరేనియన్ బంతి ల్యాబ్ గొంతులో ఇరుక్కుంటుంది.

పళ్లు వచ్చే పప్పీలు: మెత్తటి రబ్బరు. ఫ్రిజ్‌లో చల్లబరిచి ఇస్తే చిగుళ్లకు హాయి.

కొనేముందు షాపులోనే ఈ నాలుగు టెస్టులు

1. సైజు: బొమ్మ మొత్తం కుక్క నోట్లో పట్టకూడదు. సందేహం ఉంటే ఒక సైజు పెద్దదే తీసుకోండి.

2. గోరు టెస్ట్: గోటితో గట్టిగా నొక్కండి. కొంచెం కూడా నొక్కు పడకపోతే అది పళ్లకు మరీ గట్టిది. నైలాన్ ఎముకలు, కొమ్ముల ముక్కలు నమిలి దవడ పళ్లు చిట్లిన కేసులు పశువైద్యులకు కొత్త కాదు.

3. కన్నాలు: బొమ్మకు రెండు వైపులా కన్నం ఉండాలి. ఒక్కటే కన్నం ఉంటే లోపల గాలి పీల్చుకుపోయి నాలుక ఇరుక్కునే ప్రమాదం ఉంది. నాలుక వాచిపోయి ఆపరేషన్ దాకా వెళ్తుంది.

4. విడి భాగాలు: ఊడే మూతలు, తాళ్లు, పీకే విజిల్ ఉన్నవి ఒంటరిగా ఉండే కుక్కకు వద్దు.

లోపల ఏం పెట్టాలి? ఏం పెట్టకూడదు?

ఇక్కడే మన ఇళ్లలో ఎక్కువ పొరపాట్లు జరిగేది. ఇంటర్నెట్ వీడియోల్లో విదేశీ తిండి చూపిస్తారు కానీ మన వంటింట్లో ఉన్నవే చాలు. ఉప్పు, తాలింపు లేని పెరుగన్నం, ఉడికించిన గుమ్మడి, చిలగడదుంప, క్యారెట్, ఉడికించిన గుడ్డు, ఎముక తీసిన చికెన్.. ఏదైనా పర్లేదు. పెరుగు పడని కుక్కలుంటాయి, మొదట చెంచాడు పెట్టి చూడండి.

కొల్లేరు చుట్టుపక్కల చేప చవగ్గా దొరుకుతుంది కదా అని ముళ్లతో కలిపి పెట్టేస్తుంటారు. కట్ల, రాగండి చేపల్లో కండ మధ్యలో సన్నటి ముళ్లు బోలెడు. బొమ్మలో కూరితే అవి కనపడవు కూడా. ముళ్లు తక్కువ ఉండే కొర్రమీనైనా సరే, ఉడికించి, వేళ్లతో చిదిమి చూశాకే పెట్టాలి. ఉడికించిన కోడి ఎముకలు అసలు వద్దు. అవి చీలికలుగా విరిగి పేగులకు గుచ్చుకుంటాయి.

ఇక ఉల్లిపాయ. తాడేపల్లిగూడెం అంటేనే ఉల్లి మార్కెట్, మన కూరల్లో ఉల్లి లేనిది ఏముంది? కానీ ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్ర కణాలను దెబ్బతీస్తాయి. పచ్చివైనా, ఉడికినవైనా, పొడి అయినా అంతే. అందుకే మిగిలిన కూర, బిర్యానీ అన్నం బొమ్మలో కూరొద్దు. ద్రాక్ష, కిస్మిస్ కిడ్నీలను పాడు చేస్తాయి. చాక్లెట్ కూడా విషమే. పీనట్ బటర్ వాడేవాళ్లు డబ్బా మీద 'జైలిటాల్' అని ఉందేమో చదవండి. ఈ తీపి పదార్థం కుక్కలో షుగర్‌ను ఒక్కసారిగా పడగొట్టి లివర్‌ను దెబ్బతీస్తుంది.

కొలత కూడా ముఖ్యమే. బొమ్మలో పెట్టింది అదనం కాదు, రోజువారీ భోజనంలోంచి తీసిందై ఉండాలి. బిస్కెట్లు, ట్రీట్ల లాంటి చిరుతిండి రోజు మొత్తం కేలరీల్లో 10 శాతం దాటకూడదు. లేదంటే బిజీగా ఉండే కుక్క కాస్తా బొద్దు కుక్క అవుతుంది.

ఇంట్లోనే చేసుకోవచ్చా?

భేషుగ్గా చేసుకోవచ్చు. కొనే ముందు వీటితోనే మొదలుపెడితే మీ కుక్కకు ఏది ఇష్టమో తెలిసిపోతుంది.

ఇడ్లీ ప్లేటు: గుంటల్లో కొంచెం కొంచెం అన్నం పెట్టి, పైన చిన్న స్టీలు గిన్నెలు బోర్లించండి. కుక్క వాటిని తోసి తినాలి. ఖర్చు సున్నా.

పాత తువ్వాలు: గింజలు చల్లి చాపలా చుట్టేయండి. విప్పుకుంటూ తింటుంది.

అట్టపెట్టె: టేపు, పిన్నులు తీసేసి, కాగితం ఉండల మధ్య తిండి దాచండి.

ఇవన్నీ మీరు ఎదురుగా ఉన్నప్పుడే. గుడ్డ, కాగితం మింగే అలవాటున్న కుక్కకు అసలు వద్దు. కొన్ని మాత్రం ఎప్పుడూ ఇవ్వకండి. గోనె సంచి పీచు, కొబ్బరి పీచు మింగితే పేగుల్లో చుట్టుకుంటుంది. కొబ్బరి చిప్ప విరిగితే అంచులు కత్తిలా ఉంటాయి. తాటి టెంక పళ్లను విరగ్గొడుతుంది. వేసవిలో నూజివీడు రసాలు తిని టెంక కుక్కకు విసిరేస్తుంటారు. ఆ జారుడు టెంకను అమాంతం మింగితే పేగుకు అడ్డం పడుతుంది.

మొదటి వారం ఇలా చేయండి

మొదటి రోజే కష్టమైనది ఇస్తే కుక్క విసుగొచ్చి వదిలేస్తుంది. ముందు తిండి వదులుగా పెట్టండి, దానంతట అదే రాలాలి. రెండు మూడు రోజుల తర్వాత కొంచెం గట్టిగా కూరండి. అలవాటయ్యాక ఫ్రీజర్‌లో గడ్డ కట్టించి ఇవ్వొచ్చు. మే నెల ఎండల్లో ఇది కుక్కకు మంచి ఊరట కూడా. కొత్త బొమ్మను కనీసం మూడు నాలుగు సార్లు మీ కళ్ల ముందు ఆడనిచ్చాకే ఒంటరిగా ఉన్నప్పుడు ఇవ్వండి. రెండు కుక్కలుంటే వేర్వేరు గదుల్లో ఇవ్వాలి, తిండి దగ్గర కొట్లాట ఖాయం. పిల్లలను ఆ టైమ్‌లో దగ్గరకు పోనివ్వకండి.

ఇక మన దగ్గర పెద్ద సమస్య చీమలు. తిండి అంటిన బొమ్మను గంటలకొద్దీ వదిలేస్తే చీమలు పడతాయి, తేమకు బూజు కూడా పడుతుంది. మీరు ఇంట్లో ఉంటే కుక్క వదిలేయగానే తీసేయండి. బయటికి వెళ్తూ ఇచ్చేటప్పుడు అరగంటలో ఖాళీ చేసేంతే పెట్టండి. పాల సీసాలు కడిగే బ్రష్‌తో వేడి నీళ్లలో కడిగి ఎండబెట్టండి. వారానికోసారి పగుళ్లు చూడండి. ముక్క ఊడితే అదే రోజు పారేయండి.

చెరువు గట్ల మీద కుక్కల సంగతేంటి?

కైకలూరు వైపు, కొల్లేరు చుట్టూ చేపల చెరువుల గట్ల మీద కాపలా కుక్కలు కనిపిస్తాయి. చాలావాటిని పగలంతా షెడ్డు దగ్గర కట్టేసి ఉంచుతారు. విప్పితే పక్షుల వెంట పడతాయి, మేత బస్తాలు చింపుతాయి అనేది యజమానుల బాధ. కానీ ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కకు సరైన వ్యాయామం లేకుండా చేయడం, మరీ పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం సెక్షన్ 11 ప్రకారం నేరం. ఈ కుక్కలకు ఖరీదైన పజిల్ అక్కర్లేదు. పొద్దున్నే పొడవాటి తాడుతో గట్టు మీద ఓ నడక, తర్వాత ఒక దళసరి రబ్బరు బొమ్మలో మధ్యాహ్నం తిండి. రసాయనాలు, మందుల బస్తాలు మాత్రం దానికి అందకుండా పెట్టాలి.

బొమ్మతో తీరని సమస్యలూ ఉంటాయి

ఫుడ్ టాయ్ నడకకు, మనిషి తోడుకు బదులు కాదు. మీరు ఇంట్లో ఉన్నప్పుడు బొమ్మతో బాగా ఆడి, బయటికి వెళ్లగానే దాన్ని ముట్టుకోకుండా తలుపు గీరుతూ, ఏడుస్తూ, చొంగ కారుస్తూ ఉంటే అది బోర్ కాదు.. ఒంటరితనం భయం. ఆ భయంలో కుక్కకు తిండి సహించదు. ఎన్ని బొమ్మలు కొన్నా లాభం లేదు. పాత ఫోన్‌తో వీడియో తీసి పశువైద్యుడికి చూపించండి. సరైన ట్రైనింగ్‌తో, అవసరమైతే మందులతో ఇది తగ్గుతుంది.

అలాగే బొమ్మ ముక్క కనిపించకుండా పోయి, కుక్క పదేపదే వాంతులు చేసుకున్నా, తిండి మానేసినా, పొట్ట ముట్టుకోనివ్వకపోయినా, మలం ఆగిపోయినా రేపు చూద్దాం అనుకోకండి. వెంటనే పశువైద్యశాలకు తీసుకెళ్లండి. ఇంట్లో ఉప్పు నీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం చేయొద్దు, దానివల్ల ఇంకా ప్రమాదం.

చివరగా.. ఒక్క బొమ్మే కొనగలిగితే, మీ కుక్క నోటికన్నా పెద్దది, గోటికి నొక్కుపడేది, రెండు కన్నాలున్న రబ్బరు బొమ్మ కొనండి. అందులో రేపటి భోజనంలో మూడో వంతు పెట్టి ఇవ్వండి. గొలుసు తీయడానికి మాత్రం రేపటిదాకా ఆగక్కర్లేదు.