‘బీచ్ పార్టీ’ (1963): తీరం ఎవరిది?

విలియం ఆషర్ దర్శకత్వంలో అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్ 1963 వేసవిలో విడుదల చేసిన ‘బీచ్ పార్టీ’లో ఫ్రాంకీ అవలాన్, ఆనెట్ ఫునిచెల్లో ప్రధాన పాత్రధారులు. కాలిఫోర్నియా తీరంలో ఆడిపాడే యువతను ఒక మానవశాస్త్ర ఆచార్యుడు ఆదిమ తెగను పరిశీలించినట్లు దుర్భిణితో గమనిస్తాడు. తెల్లవారే అధ్యయన వస్తువు కావడంలోనే చిత్రంలోని హాస్యమంతా ఉంది. పరిహాసం నిజంగా పదునైనదే. అయితే ఆ దుర్భిణికి నల్లజాతి యువత అందలేదు. దేశపు దక్షిణాన తీరప్రవేశమే అప్పటికి పోరాటాంశం. అదే సంవత్సరం జూన్‌లో, మిసిసిపీలోని బిలాక్సీ తీరంలో అడుగుపెట్టిన నల్లజాతి నిరసనకారులను పోలీసులు నిర్బంధించారు. మరుసటి ఏడాది వచ్చిన ‘మజిల్ బీచ్ పార్టీ’లో బాల గాయకుడు స్టీవీ వండర్ కనిపిస్తాడు. పాడటానికి పిలిచారు; ఇసుకతిన్నెలపై మిత్రబృందంలో మాత్రం అతనికి పాత్ర లేదు.